కారణం గడిలో పట్టని అన్నాచ్చి

పోయిన నెల ఒక పొద్దున కోవిల్‌పట్టి బస్టాండులో విరుదునగర్ బస్సు కోసం నిలబడి ఉంటే, టీకొట్టు పక్క గోడ మీద అన్నాచ్చి కనిపించాడు. కన్నీటి అంజలి పోస్టరు. మా వైపు మనిషి పోతే ముందు పోస్టరు అంటిస్తారు, ఏడుపులు ఆ తర్వాత. ఫొటోలో ఆయన మెడ కింద ఎవరిదో నల్లకోటు అతికించారు. బతికుండగా ఆ మనిషి ఒంటి మీద తెల్లచొక్కా తప్ప ఇంకొకటి చూసినవాళ్ళు లేరు. వయసు పైన ఒకటి వేశారు, కింద ఇంకొకటి వేశారు. 'తీరని దుఃఖం' ఒకే వాక్యంలో రెండుసార్లు తీరకుండా ఉండిపోయింది. అయ్యో అనుకోవాల్సిన చోట నాకు ముందు కలిగింది ఆశ్చర్యం. ఇన్ని తప్పులు గోడ మీద పెట్టుకుని ఈ మనిషి ఎలా ఊరుకున్నాడా అని. ఇంకొకరు రాసింది ఆయన దిద్దకుండా వదిలిపెట్టడం నేను చూసింది అదే మొదలు.

అన్నాచ్చి అన్నది పేరు కాదు. విరుదునగర్ వైపు కాస్త వయసు, కాస్త గొంతు ఉన్న ప్రతి మగమనిషినీ అలాగే పిలుస్తారు. ఈయనకు ఆ రెండూ కాస్త కాదు, దండిగా ఉండేవి.

మాది విరుదునగర్‌లో ఒక పరోటా కొట్టు మేడ మీద, రెండు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీ. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలూ, పప్పు మిల్లులూ, వెంబకోట్టై వైపు బాణసంచా యూనిట్లూ సరుకు లెక్కలు చూసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ చేసి అమ్మేవాళ్ళం. చేయడం ఒక మాదిరిగా అయిపోయేది. దాన్ని ఎలా వాడాలో చెప్పే మాన్యువల్ రాయడమే ప్రాణాల మీదికి వచ్చేది. రాసేవాడికి విసుగు, చదివేవాడికి కోపం. అందుకని మా ముదలాళి, అంటే యజమాని, ఒక తెలివైన పని చేశాడు. మాన్యువల్‌ను విక్కీలో పెట్టించాడు. విక్కీలో ఆఫీసువాళ్ళు ఎవరైనా పేజీ రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, దిద్దింది నచ్చకపోతే ఒక్క నొక్కుతో రద్దు చేసి పాతది తెచ్చుకోవచ్చు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఆ చరిత్ర మొత్తం పోకుండా పడి ఉంటుంది. ప్రతి మార్పు పక్కనా 'కారణం' అని ఒక చిన్న గడి, ఎందుకు మార్చావో ఒక ముక్క రాయడానికి. అందరూ కలిసి రాస్తే పని త్వరగా అవుతుందని ముదలాళి ఉద్దేశం. అందరూ కలిసి రాస్తే ఏమవుతుందో, పెళ్ళిపత్రిక రాయించిన ఏ ఇంట్లో అడిగినా చెప్పి ఉండేవాళ్ళు.

ఆ విక్కీకి అన్నాచ్చి తనకు తానే పట్టాభిషేకం చేసుకున్నాడు. మా కంపెనీలో ఆయన చేరింది 'అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల సంగతి తెలిసిన మనిషి' అనే హోదాలో. కోవిల్‌పట్టిలో ఒక ఫ్యాక్టరీలో జీవితమంతా లెక్కలు రాసి, రిటైరై, ఇంట్లో భార్య రాసుకునే సరుకుల చీటీ దిద్దబోయి చీవాట్లు తిని, మా మీద వచ్చి పడ్డాడు. పొద్దున పాసింజరు రైల్లో నేనూ ఆయనా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ముందురోజు ఇంకొకరు రాసిన పేజీని ఫోనులో తెరిచి, రేడియోలో వార్తలు చదివినట్టు పైకి చదివేవాడు. సాత్తూరు దాటేలోగా అందులో ఒక్క వాక్యం కూడా ప్రాణాలతో మిగిలేది కాదు. అదే పెట్టెలో ఎక్కే పూలమ్మే ఆవిడకు మా 'స్టాకు బదిలీ' పేజీ కంఠతా వచ్చు. సాఫ్ట్‌వేర్ కొన్నవాళ్ళలో ఎవరికీ రాదు.

ఆయన సిద్ధాంతం ఒకటే. మాన్యువల్ తెరిచేవాడు అప్పటికే ఎవరిచేతనో తిట్లు తిని ఉంటాడు. సుఖంగా ఉన్నవాడెవడూ మాన్యువల్ చదవడు. కాబట్టి అందులో 'సులభంగా' అన్న మాట ఎక్కడా ఉండకూడదు, అది చదివితే వాడికి ఒళ్ళు మండుతుంది. ఇంతవరకు బాగానే ఉంది, నేనూ ఒప్పుకుంటాను. అక్కడితో ఆగితే ఆయన అన్నాచ్చి ఎందుకవుతాడు? ప్రతి పేజీలో మొదటి మెట్టుగా 'కంగారు పడవద్దు' అని చేర్చాడు. రెండో మెట్టు 'చేతులు తుడుచుకోండి'. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో గుమాస్తాల చేతికి జిగురుంటుందట. మూడో మెట్టు 'మంచినీళ్ళు తాగండి'. ఒక బిల్లు ముద్రించుకోవాలనుకున్నవాడు ఈ ఉపచారాలన్నీ అయ్యాక గానీ బటను దగ్గరికి చేరలేడు. రాహుకాలంలో కొత్త పేజీ ఎక్కించడానికి చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. ఇంకొకరు రాసిన పాత పేజీ దిద్దడానికి మాత్రం రాహుకాలం, యమగండం ఏవీ అడ్డొచ్చేవి కావు.

ఆయనకు సరిజోడు జెసింత. తాయిల్‌పట్టి పిల్ల. బి.సి.ఏ. చదివి, మాన్యువల్ రాసే పని మీదే మా దగ్గర చేరింది. వాళ్ళమ్మ బాణసంచా యూనిట్లో మందు కలిపే గదిలో పని చేసేది. పొద్దున ఆ గదిలోకి పోయిన మనిషి సాయంత్రం నడుచుకుంటూ ఇంటికి వస్తే, ఇంట్లోవాళ్ళు దేవుడికి దండం పెట్టుకునే పని అది. జెసింత మొదటి జీతం చేతికి రాగానే వాళ్ళమ్మను ఆ పని మాన్పించింది. ఈ ఉద్యోగం పోతే అమ్మ మళ్ళీ ఆ గదికే పోతుందని, అందులో సిగ్గుపడేదేముందన్నట్టు చేరిన వారంలోనే మా అందరికీ చెప్పేసింది. కాబట్టి ఆమె రాసే పేజీలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఎక్కడా ఎక్కువ మాట లేకుండా ఉండేవి. 'చేతులు తుడుచుకోండి' కనబడితే తీసేసేది. అన్నాచ్చి మళ్ళీ పెట్టేవాడు. ఆమె మళ్ళీ తీసేసేది.

ఒకసారి ఈ తగువు తేల్చుకోవడానికి ముగ్గురం వెంబకోట్టై దగ్గర ఒక యూనిట్‌కు పోయాం, మాన్యువల్ ఎలా పని చేస్తోందో కళ్ళారా చూద్దామని. అక్కడి గుమాస్తా అన్నాచ్చి పేజీని అచ్చు వేయించి గోడకు అంటించుకున్నాడు. కంప్యూటరు పక్కన మేకుకు తువ్వాలు. స్టూలు మీద బిందె, దాని మీద గ్లాసు. అన్నాచ్చి ముఖం చూడాలి, గుళ్ళో తలకు పరివట్టం కట్టించుకున్న ధర్మకర్తలా ఉంది. జెసింత ఆ గుమాస్తాను, నాలుగో మెట్టు ఎలా ఉందని అడిగింది. అక్కడిదాకా ఎప్పుడూ పోలేదనీ, ఆ లోపల ఎవరో ఒకరు ఏదో ఒక పనికి పిలుస్తారనీ అతను నిజాయితీగా చెప్పాడు. జెసింత బయటికి పోయి వేపచెట్టు పట్టుకుని నవ్వింది. ఆ సాయంత్రం అన్నాచ్చి విక్కీలో 'పరిశీలన విజయవంతం' అని నివేదిక రాశాడు.

ఇక్కడ మా భాషల సంగతి ఒకటి చెప్పాలి. అన్నాచ్చిది నల్లరేగడి భూములున్న నాయుళ్ళ ఇల్లు. జెసింతవాళ్ళది కూలికి పోయే క్రైస్తవుల ఇల్లు. నాది ఈ రెండింటికీ మధ్య ఎక్కడో. మూడిళ్ళలోనూ తెలుగే మాట్లాడతాం, కానీ అది నోటి తెలుగు. చదవడం, రాయడం ఎవరింట్లోనూ లేదు. నేను పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ సంగతి చెబితే అన్నాచ్చి, ఎవరికి రాస్తావప్పా ఉత్తరం అని అడిగాడు. రాత అంటే మాకు తమిళం. కాబట్టి విక్కీలో పోట్లాటంతా తమిళంలో, అదీ కోర్టు కాగితాల్లో ఉండే తమిళంలో జరిగేది. 'తమరి దిద్దుబాటు అనుమతి లేనిది. రద్దు చేయడమైనది. చింతిస్తున్నాను' అని కారణం గడిలో అన్నాచ్చి రాసేవాడు, రెండు కుర్చీల అవతల కూర్చున్న పిల్లకు. 'తమరి రద్దుకు ఆధారం చూపగలరు' అని ఆ పిల్ల జవాబు రాసేది. గదిలో కీబోర్డుల టపటప తప్ప మాట ఉండేది కాదు. చూసినవాళ్ళు ఈ ఇద్దరి మధ్యా ఏదో ఆస్తి తగాదా ఉందనుకోవాలి.

మధ్యాహ్నం మేడ దిగి పరోటా కొట్లో కూర్చున్నామంటే భాష మారిపోయేది, మనుషులు మారిపోయేవాళ్ళు. పాపా కూడు తింటివా, రా, నూనె పరోటా ఉడుకుడుకుగా ఉండాది అని అన్నాచ్చే పిలిచేవాడు. పరోటా తుంచుకుంటూ పొద్దుటి పేజీ గురించి తెలుగులో మాట్లాడుకునేవాళ్ళు. అంత రోషంగా రద్దు చేసిన మనిషి, నువ్వు రాసిందే నయం పాపా, నేను ఊరికే కెలికినాను అని ఒప్పుకోవడం నా చెవులతో విన్నాను. ఆ పిల్ల కూడా మీదీ సరే అన్నాచ్చీ అని కొంత తగ్గేది. ఇద్దరూ కలిసి మంచి వాక్యం ఒకటి తేల్చేవాళ్ళు. పైకి వచ్చాక అన్నాచ్చి ఆ వాక్యాన్ని ఒక్కో వేలితో టైపు కొట్టి, తన పేరు మీద ఎక్కించేవాడు. తన పేరు తెర మీద చూసుకోవడం ఆయనకు ముద్దు. ఇది ఇద్దరం కలిసి తేల్చుకున్నాం అని కారణం గడిలో రాయాలని ఆయనకు తోచలేదు, ఆ పిల్లకూ తోచలేదు, నాకూ తోచలేదు. కోపమైతే రాసి పెట్టుకోవాలి, రాజీకి రాతెందుకు? మేం అలాంటి ఇళ్ళలో పెరిగినవాళ్ళం. ఫలితంగా విక్కీ చరిత్రలో మిగిలింది పోట్లాటలు మాత్రమే.

మా కంపెనీని చెన్నైవాళ్ళు కొనేసినప్పుడు ఆ చరిత్రకు పాఠకుడు దొరికాడు. అక్కణ్ణుంచి ఒక కుర్ర మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, శ్రద్ధ గలవాడు, అదే వచ్చిన చిక్కు. ఫ్యాను కింద కూర్చుని విక్కీ చరిత్ర మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఈ భూమ్మీద దాన్ని అంతా చదివిన మానవుడు పాపం అతనొక్కడే. చదివింది ఊరికే పోనివ్వకుండా రంగుల పటం గీసి గోడ మీద చూపించాడు. జెసింత పేరు పక్కన ఎరుపు. ఈమె రాసినదాంట్లో చాలా భాగం పెద్దాయన రద్దు చేశారు, నిలిచినవన్నీ పెద్దాయన పేరు మీద ఉన్నాయి, మాన్యువల్‌కు ఒక్క మనిషి చాలు, కాబట్టి ఈమెను నెలాఖరుకు పంపించేద్దాం అన్నాడు. జెసింత ముఖాన నెత్తుటి చుక్క లేదు. పోయి తన కుర్చీలో కూర్చుంది.

ఆ పేజీలన్నీ ఇద్దరూ కలిసి రాసినవే అని నేను చెప్పాను. ఆ సంగతి ఎక్కడ రాసి ఉందో చూపించమన్నాడు, మర్యాదగానే. ఏం చూపించను? పరోటా మాస్టరును సాక్ష్యానికి పిలుద్దామంటే అతనికి తెలుగు రాదు. అన్నాచ్చి లేచి, ఈ పిల్ల నాకన్నా బాగా రాస్తుందని గొప్ప తమిళంలో ఉపన్యాసం ఇచ్చాడు. మేనేజరు చివరిదాకా విని, మీది మంచి మనసు సార్ అని మెచ్చుకుని, నోటిమాటలు లెక్కలోకి రావని చెప్పాడు.

ఆ సాయంత్రం రైల్లో ఆయన ఫోను తెరవలేదు. పూలమ్మే ఆవిడ కూడా ఏమైందన్నట్టు చూసింది. సాత్తూరు దాటాక నోరు విప్పాడు.

"ఏమప్పా, నేను రాసిందంతా ఆ పిల్ల మీద పిర్యాదు మాదిరి ఉండాదే."

"మాదిరేమి అన్నాచ్చీ, పిర్యాదే అది," అన్నాను. నాకు ఆయన మీద ఒళ్ళు మండుతోంది.

 తను రద్దు చేసినవన్నీ తనే తిరగ్గొట్టి, జెసింత రాసిన పేజీలు మళ్ళీ నిలబెడతానన్నాడు. అందులో కొన్నింట్లో మీరే కరెక్టు కదా అన్నాను. సంవత్సరాంతం లెక్కలు మూసే పేజీ ఉంది. ముందు కాపీ తీసుకుని తర్వాత మూయాలని ఈయన దిద్దాడు. ముందు మూసి తర్వాత కాపీ తీయమని జెసింత పొరపాటున రాసింది. దాన్ని నమ్ముకుని చేస్తూ ఉంటే మధ్యలో కరెంటు పోయిందంటే, గుమాస్తా ఏడాది లెక్కలన్నీ గంగపాలే. అలాంటివి మాత్రం ఉంచి మిగతావి తిప్పండి అన్నాను.

"ఏరితే మళ్ళా నేనే పెద్దమనిషి అయినట్టు గదప్పా," అన్నాడు. "ఇది సరి, ఇది తప్పు అని నేను ఏరకూడదు. అంతా నా తప్పే. అట్లనే ఉండనీ."

అంతా మీ తప్పయితే మరి మీ ఉద్యోగం ఏమవుతుందని అడిగాను.

"నాకేమి. నాకు నేల ఉండాది. ఆ పిల్లకు ఏముండాది, మందు గది ఉండాది."

మర్నాడు పొద్దున మొదలుపెట్టాడు. ఒక్కసారిగా అన్నీ వెనక్కి తిప్పే ఉపాయం ఉంది, నేను చేసి పెడతానన్నాను. ఒప్పుకోలేదు. అలా చేస్తే క్షమాపణ చెప్పింది కంప్యూటరవుతుంది గానీ తను కాదట. ఒక్కో పేజీ తెరవడం, తన మార్పు రద్దు చేయడం, కారణం గడిలో ఒంటి వేలితో 'నా తప్పు' అని కొట్టడం. కాపీ చేసి అతికించుకోవచ్చు కదా అంటే వినలేదు. జీవితంలో ఒక కామా విషయంలో కూడా తప్పు ఒప్పుకోని మనిషి, వారాల తరబడి పొద్దునించి సాయంత్రందాకా అదే మాట కొట్టుకుంటూ కూర్చున్నాడు. వద్దు అన్నాచ్చీ అని జెసింత తెలుగులో బతిమాలింది. 'తమరి అభ్యంతరం తిరస్కరించడమైనది' అని చర్చ పేజీలో తమిళంలో జవాబు రాశాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ మేడ దిగిపోయింది. 

సంవత్సరాంతం పేజీని ఆయన గాలికి వదిలేయలేదు. పటం మళ్ళీ గీసేదాకా జెసింత పేజీని ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే మేనేజరు అన్నదే నిజమవుతుంది. కాబట్టి మాన్యువల్‌ను అలాగే ఉంచి, ప్రతి మిల్లుకూ, ప్రతి యూనిట్‌కూ తనే ఫోను చేశాడు. ముందు కాపీ తీసుకో, అప్పరం మూసెయ్యి, పేజీలో ఏముందో చూడొద్దు అని చెప్పుకుంటూ పోయాడు. మాన్యువల్ ఒకటి చెబితే మాన్యువల్ మనిషి ఇంకొకటి చెబుతాడేమిటని తిరుచ్చుళి నుంచి ఒక గుమాస్తా మా మేనేజరుకే ఫిర్యాదు చేశాడు. అదీ ఈయన ఖాతాలోనే పడింది.

నెలాఖరుకు మేనేజరు పటం మళ్ళీ గీశాడు. జెసింత పేరు పక్కన పచ్చగా పంట పండింది. ఎరుపంతా అన్నాచ్చి పక్కకు పోయింది. అంకెలకు కట్టుబడిన మనిషి కాబట్టి, పాపం, ఉండాల్సింది ఈమె, పోవాల్సింది ఆయన అని తీర్పు మార్చుకున్నాడు. అన్నాచ్చి చేతికి కాగితం ఇచ్చారు. ఆయన దాన్ని నిలబడి చదివి, పెన్ను తీసి అందులో రెండు వాక్యాలు దిద్ది, సంతకం పెట్టి తిరిగి ఇచ్చేసి, గొడుగు తీసుకుని మెట్లు దిగాడు. ఇకనుంచి హాయిగా ఇంట్లో ఉంటానని జెసింతకు చెప్పాడు. తన కుర్చీ గట్టిపడగానే జెసింత చేసిన మొదటి పని ఆ సంవత్సరాంతం పేజీని సరి చేయడం. అప్పుడప్పుడు ఆమె ఫోను చేస్తే బాగుండానని, నిద్ర బాగా పడతా ఉండాదని చెప్పేవాడట. ఆ పిల్ల నమ్మింది. నేనూ నమ్మాను.

పోస్టరు చూసిన రోజు నేను బస్సు వదిలేసి జెసింతకు ఫోను చేశాను. వాళ్ళమ్మను వెంటబెట్టుకుని కోవిల్‌పట్టి వచ్చింది. ఆయన ఇంటి ముందు వీధిలో పందిరి వేసి కుర్చీలు వేశారు. అక్కడ కూర్చుని ఉంటే చెవిన పడింది. రెండో ఉద్యోగంలో ఏదో గోల్‌మాల్ చేశాడట, కంపెనీవాళ్ళు వెళ్ళగొట్టారట, పెద్దవయసులో ఇదేం బుద్ధో అని ఒకాయన ఇంకొకాయనకు చెబుతున్నాడు. అన్నాచ్చి ఇంట్లో చెప్పింది ఒక్కటే ముక్క, ఆఫీసులో తప్పులు చేసినాను, పంపించేసినారు అని. ఎందుకో చెప్పలేదు. ఆ ముక్క వీధిలోకి పోయేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి. ఆయన భార్య అప్పటినుంచి పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పోవడం మానేసిందని పక్కింటామె చెప్పింది. అంత రాసిన మనిషి, రాయాల్సిన నాలుగు ముక్కలు ఇంటి ఆడమనిషికి నోటితోనైనా చెప్పలేదు. నాకు ఆయన మీద మళ్ళీ కోపం వచ్చింది.

లోపలికి పోయాం. ఆయన భార్య, నేను అత్తా అని పిలిచే ఆవిడ, ఆయన తల దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి, నా వెంట ఉన్నది ఆఫీసు పిల్లేనని పోల్చుకుని, ఇద్దర్నీ దగ్గరికి పిలిచింది. ఇంకెవరికీ వినబడకుండా అడిగింది.

"ఒక మాట అడగనా? ఆ మనిషి ఏం తప్పు చేసినాడు మీ ఆపీసులో?"

నేను నోరు తెరిచేలోగా జెసింత ఆమె ముందు నేల మీద కూర్చుంది. మొదటినుంచి చివరిదాకా, ఏదీ విడవకుండా, తెలుగులో చెప్పింది. రద్దుల సంగతి, పరోటా కొట్టు సంగతి, ఎర్ర పటం సంగతి, ఆయన వేలు పెట్టి కొట్టిన ప్రతి 'నా తప్పు' సంగతి. తప్పు చేసిన చోట తనది తప్పని చెప్పింది. ఉద్యోగం పోతే ఇంట్లో ఏం జరిగేదో అదీ చెప్పింది.  అంతా అయ్యాక అత్త తలెత్తి, గుమ్మం దగ్గర ఒదిగి నిలబడిన జెసింత వాళ్ళమ్మను చూసింది.

"మీ అమ్మా?"

"ఔనమ్మా."

"ఇప్పుడు మందు పనికి పోతా ఉండావా?" అని ఆమెనే అడిగింది.

"లేదమ్మా. ఆపేసి శానా నాళ్ళాయ. ఇంట్లోనే ఉండాను."

అత్త ఆయన ముఖం వైపు తిరిగింది.

"అట్లయితే ఈ మనిషి చేసింది తప్పు కాదు," అంది.

తర్వాత లేచి, కొంగు నడుముకు బిగించుకుని, గుమ్మం దాకా వచ్చి, బయట పందిట్లో కూర్చున్న వీధి జనమందరికీ వినబడేలా అదే మాట తమిళంలో ఇంకొకసారి చెప్పింది.